యూనిట్ – 9 : మెట్ట గోధుమలో సూర్యకాంతి వినియోగం – నీరు, ఎరువుల పాత్ర

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రస్తావన
9.2 సూర్యకాంతి నుంచి గింజ దాకా
9.3 పడిన కాంతిలో పైరుకు దక్కేదెంత?
9.4 నీటి కొరత ప్రభావం
9.5 ఎరువుల ప్రభావం
9.6 ఆకుకు దక్కని కాంతి ఏమవుతుంది?
9.7 ఒక లెక్క
9.8 ఎరువు నష్టం తెచ్చే సందర్భం
9.9 పొలంలో తీసుకోవలసిన నిర్ణయాలు
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• పైరు దిగుబడిని కాంతి గ్రహణం, వికిరణ వినియోగ సామర్థ్యం, దిగుబడి సూచిక అనే మూడు అంశాలుగా విడదీసి వివరించగలుగుతారు.
• నీటి కొరత, నత్రజని కొరత ఈ మూడింటిలో దేనిని ఎంతగా దెబ్బతీస్తాయో చెప్పగలుగుతారు.
• మెట్ట భూమిలో తగిన ఎరువు నీటిని ఎలా ఆదా చేస్తుందో, అదే ఎరువు ఎక్కువైతే ఎందుకు నష్టం కలిగిస్తుందో విశ్లేషించగలుగుతారు.

9.1 ప్రస్తావన

మెట్ట పంట అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది వాన. ఎండకు కొదవ లేని ప్రాంతాల్లో సూర్యకాంతి గురించి ప్రత్యేకంగా చదవడం ఎందుకని మీకు అనిపించవచ్చు. కాని పైరు కూడబెట్టే ప్రతి గ్రాము పదార్థానికీ శక్తి వచ్చేది సూర్యుడి నుంచే. వాన, ఎరువు చేసే పని ఆ శక్తిని పట్టుకోవడానికి పైరును సిద్ధం చేయడం. పొలం మీద పడే ఎండ ఇద్దరు రైతులకూ ఒక్కటే అయినా, దానిలో ఎవరి పైరు ఎంత పట్టుకొంటుందనే దానిపై దిగుబడి ఆధారపడి ఉంటుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో గోధుమ సాగు చాలా తక్కువ. పంజాబ్, హర్యానాల్లో గోధుమ దాదాపు పూర్తిగా నీటిపారుదల కిందే పండుతుంది. అందువల్ల మెట్ట గోధుమను అర్థం చేసుకోవడానికి మనం పశ్చిమ ఆసియా, దక్షిణ ఆస్ట్రేలియా వైపు చూడాలి. సిరియాలోని అలెప్పో నగరానికి దక్షిణాన తెల్ హద్యా అనే చోట అంతర్జాతీయ మెట్ట ప్రాంత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇకార్డా చాలా ఏళ్ళు పరిశోధనలు చేసింది. అక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 330 మి.మీ. మన రాయలసీమలోని అనంతపురం కంటే అది తక్కువ. అయితే అక్కడి వాన మన వానలా నైరుతి రుతుపవనాలతో రాదు. చలికాలంలో, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పడుతుంది. గోధుమను నవంబరులో విత్తుతారు. మే నెలాఖరు నుంచి జూన్‌లో కోస్తారు. అంటే పైరు పెరిగే తొలి నెలల్లో చలి, తడి ఉంటాయి. గింజ నిండే చివరి వారాల్లో ఎండ ముదురుతుంది, వాన ఆగిపోతుంది. ఈ యూనిట్‌లో చర్చించే విషయాలన్నింటికీ ఈ కాలక్రమమే ఆధారం. దీనిని గుర్తుంచుకోండి.

9.2 సూర్యకాంతి నుంచి గింజ దాకా

సూర్యవికిరణం అంతా మొక్కకు ఉపయోగపడదు. 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతినే ఆకులు కిరణజన్య సంయోగక్రియకు వాడుకోగలవు. దీనిని కిరణజన్య క్రియాశీల వికిరణం అంటారు. క్లుప్తంగా 'పార్' అని వ్యవహరిస్తారు. భూమిని చేరే మొత్తం సౌరవికిరణంలో ఇది సుమారు సగం.

పైరు పెరుగుదలకూ, పట్టుకొన్న కాంతికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ మాంటీత్. బ్రిటన్‌లోని పంటలపై 1977లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఒక సరళమైన విషయాన్ని చూపారు. ఆరోగ్యంగా పెరిగే పైరు కూడబెట్టిన పొడి పదార్థం, అది ఆ కాలంలో పట్టుకొన్న మొత్తం కాంతికి అనులోమంగా ఉంటుంది. పట్టుకొన్న ప్రతి మెగాజౌల్ సౌరవికిరణానికి సుమారు 1.4 గ్రాముల పొడి పదార్థం తయారవుతుందని ఆయన లెక్కకట్టారు. ఇదే మాంటీత్ తరువాతి కాలంలో, 1980ల చివరలో, హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్‌లో మెట్ట పంటలపై పనిచేశారు.

ఈ సంబంధాన్ని ఆధారం చేసుకొని దిగుబడిని ఇలా రాయవచ్చు:

గింజ దిగుబడి = పైరు మీద పడిన కాంతి × అందులో పైరు పట్టుకొన్న భాగం × వికిరణ వినియోగ సామర్థ్యం × దిగుబడి సూచిక

ఇందులో మొదటి అంశం ప్రకృతి ఇచ్చేది. దానిని రైతు మార్చలేడు. రెండవది కాంతి గ్రహణం. ఇది ఆకుల విస్తీర్ణంపై ఆధారపడుతుంది. మూడవదైన వికిరణ వినియోగ సామర్థ్యం అంటే, పట్టుకొన్న ప్రతి మెగాజౌల్‌కు ఎన్ని గ్రాముల పొడి పదార్థం తయారైందనే కొలత. నీరు, పోషకాలు సమృద్ధిగా ఉన్న గోధుమలో పార్ లెక్కన ఇది సుమారు రెండున్నర గ్రాములు ఉంటుంది. నాలుగవదైన దిగుబడి సూచిక అంటే, నేలపైన పెరిగిన మొత్తం పదార్థంలో గింజ వాటా.

నీరైనా ఎరువైనా దిగుబడిని మార్చాలంటే చివరి మూడు అంశాల్లో ఏదో ఒకదాని ద్వారానే మార్చాలి. ఇంకో దారి లేదు. కాబట్టి "ఎరువు వేస్తే దిగుబడి పెరిగింది" అని చెప్పడంతో మన పని పూర్తికాదు. ఏ అంశం ద్వారా పెరిగిందో కూడా చెప్పగలగాలి.

9.3 పడిన కాంతిలో పైరుకు దక్కేదెంత?

ఒక చదరపు మీటరు నేలపై ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో తెలిపే సంఖ్యను పత్ర విస్తీర్ణ సూచిక అంటారు. సూచిక 1 అంటే ఒక చదరపు మీటరు నేలపై ఒక చదరపు మీటరు ఆకు ఉన్నదని అర్థం. అంతమాత్రాన నేల పూర్తిగా కప్పుకుపోదు. ఆకులు ఒకదానిపై ఒకటి పడతాయి, ఏటవాలుగా నిలుస్తాయి, మధ్యలో సందులు ఉంటాయి.

ఆకుల గుండా కిందికి పోయేకొద్దీ కాంతి ఎలా తగ్గుతుందో జపాన్ శాస్త్రవేత్తలు మోన్సీ, సాయెకీ 1953లో వివరించారు. ప్రతి కొత్త ఆకుపొర, తన దాకా వచ్చిన కాంతిలో ఒకే నిష్పత్తిని అడ్డుకొంటుంది. ఆ నిష్పత్తిని నిర్ణయించే సంఖ్యను విలుప్త గుణకం అంటారు. గోధుమకు దానిని 0.5గా తీసుకొంటే ఈ కింది విలువలు వస్తాయి.

పట్టిక 9.1 : పత్ర విస్తీర్ణ సూచిక – కాంతి గ్రహణం

| పత్ర విస్తీర్ణ సూచిక | పైరు పట్టుకొన్న కాంతి (శాతం) |
|---|---|
| 1 | 39 |
| 2 | 63 |
| 3 | 78 |
| 4 | 86 |
| 5 | 92 |

ఈ పట్టికలో రెండు విషయాలు గమనించండి. సూచిక 1 నుంచి 2కు పెరిగితే 24 శాతం కాంతి అదనంగా దక్కుతుంది. 4 నుంచి 5కు పెరిగితే దక్కేది 6 శాతమే. అంటే పలచని పైరుకు కలిసొచ్చే ఆకు చాలా విలువైనది. గుబురుగా ఉన్న పైరుకు మరో ఆకు వల్ల వచ్చే లాభం స్వల్పం. కాని ఆకు ఎక్కడ ఉన్నా దానికి నీరు కావాలి, నత్రజని కావాలి. మెట్ట గోధుమలో పత్ర విస్తీర్ణ సూచిక చాలాసార్లు 3కు చేరదు. కాబట్టి అక్కడ ఆకు విస్తీర్ణంలో వచ్చే చిన్న మార్పు కూడా దిగుబడిలో పెద్దగా కనిపిస్తుంది.

9.4 నీటి కొరత ప్రభావం

నీటి కొరత ఏర్పడగానే మొక్క కిరణజన్య సంయోగక్రియను ఆపివేస్తుందని చాలామంది అనుకొంటారు. నిజానికి అంతకంటే ముందే ఆకు ఎదుగుదల తగ్గుతుంది. కొత్త ఆకు విస్తరించాలంటే దాని కణాలు నీటితో ఉబ్బి ఉండాలి. ఆ స్ఫీత పీడనం కొంచెం తగ్గినా కణాలు సాగవు. అప్పటికి పత్రరంధ్రాలు ఇంకా తెరిచే ఉండవచ్చు, ఆకు పచ్చగానే కనిపించవచ్చు. కాని కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి, పిలకలు తగ్గుతాయి. కంటికి వాడినట్టు కనిపించకముందే పైరు తన కాంతి గ్రహణంలో కొంత కోల్పోతుంది.

కొరత ఇంకా పెరిగితే పత్రరంధ్రాలు మూసుకొంటాయి. నీరు బయటికి పోవడం తగ్గుతుంది. అదే దారిలో లోపలికి రావలసిన బొగ్గుపులుసు వాయువు కూడా తగ్గుతుంది. ఆకు కాంతిని పట్టుకొంటూనే ఉంటుంది కాని దానిని పదార్థంగా మార్చలేదు. ఈ దశలో వికిరణ వినియోగ సామర్థ్యం పడిపోతుంది. ఆ తరువాత గోధుమ ఆకులు పొడవునా చుట్టుకొని కాంతిని తప్పించుకొంటాయి. చివరికి కింది ఆకులు పండి ఎండిపోతాయి.

కొరత ఎప్పుడు వచ్చిందన్నది కూడా ముఖ్యమే. పిలకల దశలో వస్తే ఆకుల కప్పు పలచబడుతుంది. వాన మళ్ళీ పడితే పైరు కొంత కోలుకోగలదు. పూతకు ముందు మూడు నాలుగు వారాల్లో కంకి ఎదుగుతుంది. అప్పుడు కొరత వస్తే గింజల సంఖ్య తగ్గుతుంది. పూత తరువాత వస్తే గింజ బరువు తగ్గుతుంది. ఈ చివరి నష్టాన్ని పూడ్చుకొనే అవకాశం పైరుకు ఉండదు.

9.5 ఎరువుల ప్రభావం

గోధుమ ఆకులోని నత్రజనిలో ఎక్కువ భాగం కిరణజన్య సంయోగక్రియకు సంబంధించిన ప్రోటీనులలోనే ఉంటుంది. బొగ్గుపులుసు వాయువును పట్టుకొనే 'రుబిస్కో' అనే ఒక్క ఎంజైములోనే ఆకు నత్రజనిలో నాలుగో వంతు దాకా ఉండవచ్చు. నత్రజని చాలకపోతే గోధుమ ముందుగా పిలకలు తగ్గించుకొంటుంది, చిన్న ఆకులు వేస్తుంది. కింది ఆకుల నుంచి నత్రజనిని లాగి పై ఆకులకు పంపుతుంది. అందుకే నత్రజని లోపం కింది ఆకుల పసుపు రంగుతో బయటపడుతుంది. ఉన్న కొద్దిపాటి ఆకును పనిచేయించుకోవడానికి మొక్క చేసే సర్దుబాటు ఇది. కాబట్టి నత్రజని లోపం వల్ల మొదట, ఎక్కువగా దెబ్బతినేది కాంతి గ్రహణం. లోపం తీవ్రమైనప్పుడు వికిరణ వినియోగ సామర్థ్యం కూడా తగ్గుతుంది.

భాస్వరం పాత్ర ముఖ్యంగా పైరు తొలి దశలో కనిపిస్తుంది. పశ్చిమ ఆసియాలోని సున్నపు నేలల్లో భాస్వరం బిగుసుకుపోయి మొక్కకు అందదు. చలిలో వేరు ఎదుగుదల కూడా నెమ్మదిగా ఉంటుంది. అటువంటి నేలలో విత్తేటప్పుడు వేసిన భాస్వరం వల్ల పైరు త్వరగా నేలను కప్పుతుంది.

అయితే ఎరువు మొక్కకు చేరడానికి నీరే దారి. నైట్రేటు నేలలోని నీటితో కలిసి వేరు వైపు ప్రవహిస్తుంది. భాస్వరం మట్టి రేణువుల చుట్టూ ఉన్న పలచని నీటి పొర గుండా కొద్దికొద్దిగా కదులుతుంది. పై మట్టి ఎండిపోతే ఎరువు అక్కడే ఉన్నా మొక్కకు లేనట్టే. మెట్ట పొలంలో ఎండాకాలం మొదట్లో పైరు పసుపుబారడం చూసి పొడి నేలపై యూరియా చల్లితే ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. నీటి కొరతలో ముందుగా తగ్గేది ఆకు ఎదుగుదలా, కిరణజన్య సంయోగక్రియా? కారణం రాయండి.
2. పత్ర విస్తీర్ణ సూచిక 2 ఉన్న పైరు కాంతిలో ఎంత శాతాన్ని వదిలేస్తుంది?

9.6 ఆకుకు దక్కని కాంతి ఏమవుతుంది?

ఈ యూనిట్‌లోని ప్రధాన అంశం ఇది. పట్టిక 9.1 ప్రకారం సూచిక 1 ఉన్న పైరు 61 శాతం కాంతిని వదిలేస్తుంది. ఆ కాంతి ఊరికే పోదు, నేలమీద పడుతుంది. నేల తడిగా ఉంటే ఆ శక్తి నీటిని ఆవిరి చేస్తుంది.

ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.45 మెగాజౌల్ శక్తి కావాలి. ఒక చదరపు మీటరుపై ఒక కిలో నీరు అంటే ఒక మి.మీ. వాన. నేలను చేరిన 10 మెగాజౌల్ శక్తి అంతా బాష్పీభవనానికే ఖర్చయితే సుమారు 4 మి.మీ. నీరు పోతుంది. అంటే పైరు పట్టుకోలేకపోయిన కాంతి, పైరు తాగవలసిన నీటిని కూడా ఎత్తుకుపోతుంది. రైతుకు ఇది రెండు విధాల నష్టం.

బాష్పీభవనం రెండు దశల్లో జరుగుతుంది. వాన పడిన వెంటనే పై మట్టి తడిగా ఉన్నంతసేపు, నేలను చేరే శక్తిని బట్టి నీరు వేగంగా ఆవిరవుతుంది. పై పొర ఆరిన తరువాత లోపలి నీరు పైకి రావడం కష్టమై ఆ వేగం తగ్గుతుంది. చిన్న చిన్న జల్లులు మాటిమాటికీ పడే చోట మొదటి దశ మళ్ళీ మళ్ళీ వస్తుంది. పశ్చిమ ఆసియా చలికాలం సరిగ్గా ఇలాగే ఉంటుంది. అక్కడి మెట్ట పొలాల్లో పైరు కాలంలో వాడకమైన నీటిలో మూడో వంతు నుంచి సగం దాకా, పలచని పైరులో అంతకంటే ఎక్కువ కూడా, నేల నుంచి నేరుగా ఆవిరైపోతుంది.

ఇప్పుడు ఎరువు సంగతి చూడండి. నత్రజని, భాస్వరం అందిన పైరు చలికాలంలోనే నేలను కప్పుతుంది. నేలను చేరే కాంతి తగ్గుతుంది, బాష్పీభవనం తగ్గుతుంది. అలా మిగిలిన నీరు వేరు ద్వారా ఆకుకు చేరి బాష్పోత్సేకంగా బయటికి వెళుతుంది. తెల్ హద్యా పరిసరాల్లో 1980లలో జరిగిన ప్రయోగాలు ఈ విషయాన్నే చూపాయి. ఎరువు వేసిన, వేయని పొలాలు వాడిన మొత్తం నీరు దాదాపు ఒక్కటే. తేడా అంతా ఆ నీరు ఏ దారిన పోయిందన్న దానిలో ఉంది. నేల నుంచి పోయిన నీటికి ఫలితం లేదు. ఆకు గుండా పోయిన నీటికి బదులుగా మొక్క బొగ్గుపులుసు వాయువును తీసుకొంటుంది.

ఇంకొక లాభం కూడా ఉంది. చలికాలంలో గాలిలో తేమ లోటు తక్కువ. ఒక లీటరు నీరు ఖర్చు చేసి పైరు అప్పుడు కూడబెట్టే పదార్థం, ఎండాకాలంలో అదే లీటరుతో కూడబెట్టే దానికంటే ఎక్కువ. ఎరువు పెరుగుదలను ఆ చల్లని నెలల్లోకి ముందుకు జరుపుతుంది.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్రెంచ్, షుల్జ్ అనే పరిశోధకులు 1984లో ఈ నష్టానికి ఒక సులభమైన లెక్క ఇచ్చారు. పైరు కాలంలో వాడిన నీటిలో సుమారు 110 మి.మీ. నేల నుంచి ఆవిరైపోతుందని వారు తీసుకొన్నారు. మిగిలిన ప్రతి మి.మీ. నీటికి హెక్టారుకు 20 కిలోల గింజ అనేది చేరగలిగిన గరిష్ఠ హద్దు. దీని ప్రకారం 300 మి.మీ. నీరు వాడిన పొలంలో గరిష్ఠ దిగుబడి 3,800 కిలోలు. అదే పొలంలో ఆవిరయ్యేది 150 మి.మీ. అయితే ఆ హద్దు 3,000 కిలోలకు పడిపోతుంది. వాన ఒక్కటే, పోయిన దారి మారింది, 800 కిలోలు తగ్గాయి.

9.7 ఒక లెక్క

పై విషయాలను ఒక ఊహాజనిత ఉదాహరణతో కలిపి చూద్దాం. సంఖ్యలు లెక్క సులభంగా ఉండడానికి తీసుకొన్నవి. పైరు కాలాన్ని మూడు భాగాలు చేద్దాం. డిసెంబరు–జనవరిలో 60 రోజులు, రోజుకు 4 మెగాజౌల్ పార్, మొత్తం 240. ఫిబ్రవరి–మార్చిలో 60 రోజులు, రోజుకు 7, మొత్తం 420. ఏప్రిల్ నుంచి మే మొదటి వారం దాకా 40 రోజులు, రోజుకు 10, మొత్తం 400. ఇవన్నీ ఒక చదరపు మీటరుకు.

ఎరువు వేయని పైరు ఈ మూడు కాలాల్లో వరుసగా 10, 30, 35 శాతం కాంతిని పట్టుకొందనుకొందాం. అప్పుడు 24 + 126 + 140 = 290 మెగాజౌల్ వస్తుంది. వికిరణ వినియోగ సామర్థ్యం 1.8 గ్రాములైతే పొడి పదార్థం 522 గ్రాములు. దిగుబడి సూచిక 0.38 అయితే గింజ 198 గ్రాములు, అంటే హెక్టారుకు సుమారు 2 టన్నులు.

ఎరువు వేసిన పైరు 20, 60, 50 శాతం పట్టుకొందనుకొందాం. 48 + 252 + 200 = 500 మెగాజౌల్. సామర్థ్యం 2.0 గ్రాములైతే పొడి పదార్థం 1,000 గ్రాములు. సూచిక 0.35 అయితే గింజ 350 గ్రాములు, హెక్టారుకు 3.5 టన్నులు.

పొడి పదార్థం 1.92 రెట్లు అయింది. అందులో కాంతి గ్రహణం వాటా 1.72 రెట్లు, సామర్థ్యం వాటా 1.11 రెట్లు. ఈ రెండింటినీ గుణిస్తే మొత్తం వస్తుంది. ఎరువు చేసిన మేలులో ఎక్కువ భాగం ఆకు విస్తీర్ణం ద్వారానే వచ్చిందని మీకు స్పష్టమై ఉంటుంది. దిగుబడి సూచిక కొంచెం తగ్గిందని కూడా గమనించండి. ఆ చిన్న తగ్గుదల తరువాతి విభాగంలో పెద్దది కాబోతున్నది.

9.8 ఎరువు నష్టం తెచ్చే సందర్భం

అదే ఎరువు, అదే గుబురు పైరు. కాని మార్చితో వాన ఆగిపోయిందనుకోండి. పెద్ద ఆకుల కప్పు నేలలోని నీటిని వేగంగా తోడేస్తుంది. పూత వచ్చేసరికి వేళ్ళ కింద పదును మిగలదు. ఎండ అత్యధికంగా ఉండే చివరి 40 రోజుల్లో ఆకులు ఎండిపోతాయి. లెక్క ఇలా మారుతుంది: 48 + 252, చివరి కాలంలో 20 శాతమే కాబట్టి 80, మొత్తం 380 మెగాజౌల్. సామర్థ్యం 1.6 గ్రాములకు తగ్గితే పొడి పదార్థం 608 గ్రాములు. దిగుబడి సూచిక 0.25కు పడిపోతే గింజ 152 గ్రాములు, హెక్టారుకు 1.5 టన్నులు.

ఎరువు వేయని పలచని పైరు అదే సంవత్సరంలో 24 + 126 + 120 = 270 మెగాజౌల్ పట్టుకొని, అదే 1.6 గ్రాముల సామర్థ్యంతో 432 గ్రాములు కూడబెట్టి, 0.36 సూచికతో 156 గ్రాముల గింజ ఇస్తుంది. అంటే ఎరువు వేసిన రైతుకు గింజ ఏమీ కలిసిరాలేదు. ఎరువు ఖర్చు మాత్రం మిగిలింది. గడ్డి ఎక్కువ వచ్చింది. గొర్రెలను మేపుకొనే పశ్చిమ ఆసియా రైతుకు ఆ గడ్డికి కొంత విలువ ఉంటుంది. గింజ అమ్ముకొనే ఆస్ట్రేలియా రైతుకు అది ఓదార్పు కాదు.

ఆస్ట్రేలియా రైతులు దీనిని 'హేయింగ్ ఆఫ్' అంటారు. పైరు పంట కాకుండా ఎండుగడ్డిగా మారిపోవడమని దాని భావం. దీనికి నీరు అయిపోవడం ఒక్కటే కారణం కాదు. గోధుమ పూతకు ముందు కాండంలో చక్కెరలను నిల్వ చేసుకొంటుంది. గింజ నిండే వేళ ఎండ ముదిరితే ఆ నిల్వలే గింజకు ఆసరా. నత్రజని అధికంగా అందిన పైరు చక్కెరలను ఎక్కువగా కొత్త పిలకలకు, ఆకులకు ఖర్చు చేస్తుంది. కాండంలో నిల్వ తగ్గుతుంది. దక్షిణ న్యూ సౌత్ వేల్స్‌లో జరిగిన పరిశోధనలు ఈ విషయాన్ని నిర్ధారించాయి. గింజలు ముడుచుకుపోయి సన్నగా వస్తాయి. వాటిలో ప్రోటీను శాతం ఎక్కువగా ఉన్నా, సన్నగింజలకు మార్కెట్లో ధర తగ్గుతుంది.

మెట్ట రైతు ఎరువు వేసే రోజున అతనికి రాబోయే వాన తెలియదు. అందువల్ల ప్రతి బస్తా ఎరువు రాబోయే వానపై పెట్టే పందెం వంటిది. పందెం ఎంత పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నదే అసలు ప్రశ్న.

9.9 పొలంలో తీసుకోవలసిన నిర్ణయాలు

ఎ) దిగుబడి అంచనాను బట్టి మోతాదు: 12 శాతం ప్రోటీను ఉన్న గోధుమ గింజలో సుమారు 2.1 శాతం నత్రజని ఉంటుంది. 2 టన్నుల గింజ పొలం నుంచి సుమారు 42 కిలోల నత్రజనిని తీసుకుపోతుంది. మన దేశంలో దొరికే 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. అంటే గింజతో పోయేది రెండు బస్తాలకు సమానం. నేల ఇచ్చే నత్రజనిని ఇందులో తీసివేయాలి. వేసిన ఎరువంతా మొక్కకు చేరదు కాబట్టి ఆ నష్టాన్ని కలపాలి. విత్తే ముందు నేలలో ఎంత లోతు దాకా పదును ఉందో చూస్తే దిగుబడి అంచనా మెరుగవుతుంది.

బి) విడతలుగా వేయడం: భాస్వరాన్ని అంతా విత్తేటప్పుడే వేయాలి. నత్రజనిలో కొంత మాత్రమే అప్పుడు వేసి, మిగిలినది కాండం ఎదిగే దశలో, వాన పడిన లేదా పడబోయే సమయంలో పైపాటుగా వేయాలి. అప్పటికి సీజను తీరు కొంత తెలిసి ఉంటుంది. వానలు బాగుంటే రెండో విడత వేస్తారు, లేకపోతే ఆ ఖర్చు మిగులుతుంది. తొలి విడత నేలను కప్పడానికి సరిపోవాలి, అధిక పిలకలకు దారితీయకూడదు.

సి) నిల్వ తేమపై పండే నేలలు: మధ్యప్రదేశ్‌లోని మాళ్వా నల్లరేగడి భూముల్లో రబీ గోధుమను సంప్రదాయంగా వానాకాలంలో నేల నిల్వ చేసుకొన్న తేమపైనే పండించేవారు. మన కర్నూలు, నంద్యాల ప్రాంతాల నల్లరేగడిలో రబీ జొన్న కూడా ఇటువంటి పరిస్థితిలోనే పెరుగుతుంది. ఇక్కడ సీజను మధ్యలో వాన వస్తుందన్న నమ్మకం లేదు. పై మట్టి త్వరగా ఆరిపోతుంది. పైపాటు ఎరువు వేరుకు చేరదు. కాబట్టి ఎరువును విత్తేటప్పుడే గొర్రుతో, విత్తనం కంటే లోతున, తేమ ఉన్న పొరలో పడేట్లు వేయాలి. పైరు కాలం అంతటికీ ఉన్న నీరు విత్తే రోజునే దాదాపు తెలిసిపోతుంది కనుక మోతాదును నిర్ణయించడం ఇక్కడ కొంత సులభం. అయితే వాన పడని నేలలో పై మట్టి నుంచి బాష్పీభవనం తక్కువ. ఎరువు వల్ల ఆదా అయ్యే నీరు కూడా తక్కువ. గుబురు పైరు తొందరపడి నీరు తాగేసే ప్రమాదం ఎక్కువ. సిరియా ఫలితాలను ఈ నేలలకు ఉన్నదున్నట్టుగా వర్తింపజేయకూడదు.

డి) కాంతిని కాపాడే ఇతర పద్ధతులు: తొలి వానకే విత్తడం, చాళ్ళ మధ్య దూరం తగ్గించడం, త్వరగా నేలను కప్పే రకాలను ఎంచుకోవడం కూడా నేలను చేరే కాంతిని తగ్గిస్తాయి. గత పంట మోళ్ళను, గడ్డిని నేలపై వదిలితే, ఆకు లేని తొలి రోజుల్లో అవే నేలకు నీడనిస్తాయి. పప్పుజాతి పంటతో మార్పిడి చేస్తే నేలలో నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. తగిన ఎరువు మెట్ట పొలంలో నీటిని ఎలా ఆదా చేస్తుంది?
4. 280 మి.మీ. నీరు వాడిన పొలంలో ఫ్రెంచ్–షుల్జ్ లెక్క ప్రకారం గరిష్ఠ దిగుబడి ఎంత?

జవాబులు

1. ఆకు ఎదుగుదల. స్ఫీత పీడనం కొద్దిగా తగ్గినా కణాలు సాగవు, అప్పటికి పత్రరంధ్రాలు ఇంకా మూసుకోవు.
2. 37 శాతం.
3. ఆకుల కప్పు త్వరగా పెరిగి నేలను చేరే కాంతిని తగ్గిస్తుంది. బాష్పీభవనం తగ్గి, ఆ నీరు బాష్పోత్సేకానికి మిగులుతుంది.
4. (280 – 110) × 20 = హెక్టారుకు 3,400 కిలోలు.

9.10 సారాంశం

పైరు దిగుబడి అది పట్టుకొన్న కాంతి, దానిని పదార్థంగా మార్చుకొనే సామర్థ్యం, ఆ పదార్థంలో గింజ వాటా అనే మూడింటిపై ఆధారపడుతుంది. మెట్ట గోధుమలో నీరు, నత్రజని కొరతలు రెండూ ముందుగా ఆకు విస్తీర్ణాన్ని తగ్గించి కాంతి గ్రహణాన్ని దెబ్బతీస్తాయి. ఆకుకు దక్కని కాంతి తడి నేలపై పడి నీటిని ఆవిరి చేస్తుంది. చలికాలపు వానలపై పండే ప్రాంతాల్లో తగిన ఎరువు నేలను త్వరగా కప్పించి ఆ నీటిని పైరుకు మళ్ళిస్తుంది. మోతాదు మించితే పైరు తన నీటిని గింజ నిండే ముందే ఖర్చు చేసుకొని, దిగుబడి సూచిక పడిపోతుంది. కాబట్టి ఎరువు మోతాదును, సమయాన్ని నేలలో ఉన్న నీటిని, రాబోయే వాన అవకాశాన్ని బట్టి నిర్ణయించాలి.

9.11 ముఖ్య పదాలు

పత్ర విస్తీర్ణ సూచిక : ఒక చదరపు మీటరు నేలపై ఉన్న ఆకు విస్తీర్ణం.
వికిరణ వినియోగ సామర్థ్యం : పట్టుకొన్న ప్రతి మెగాజౌల్ కాంతికి తయారైన పొడి పదార్థం.
దిగుబడి సూచిక : నేలపైన పెరిగిన మొత్తం పొడి పదార్థంలో గింజ నిష్పత్తి.
బాష్పీభవనం : నేల ఉపరితలం నుంచి నేరుగా నీరు ఆవిరి కావడం.
బాష్పోత్సేకం : ఆకుల పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరిగా వెలువడటం.
హేయింగ్ ఆఫ్ : అధిక నత్రజనితో గుబురుగా పెరిగిన పైరు, నీరు చాలక గింజ నిండకుండానే ఎండిపోవడం.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెట్ట గోధుమలో కాంతి గ్రహణంపై నీరు, నత్రజని ప్రభావాలను చర్చించండి.
2. "పైరు పట్టుకోలేని కాంతి నీటిని కూడా తీసుకుపోతుంది." ఈ వాక్యాన్ని తగిన లెక్కలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నత్రజనిని విడతలుగా వేయడం వల్ల మెట్ట రైతుకు కలిగే లాభమేమిటి?
2. నిల్వ తేమపై పండే నల్లరేగడి నేలల్లో పైపాటు ఎరువు ఎందుకు ఫలించదు?
3. 9.7లోని ఉదాహరణలో ఎరువు వేసిన పైరు చివరి కాలంలో 50 శాతానికి బదులు 40 శాతం కాంతినే పట్టుకొంటే దిగుబడి ఎంత? మిగిలిన విలువలు మారవని భావించండి.